నూట ముప్పై ఐదు పౌన్లు

అర్మిందో లోంబా ఎంతటివాడు?
శనివారం మంగలి షాపులో మళ్ళీ అదే పంచాయితీ.
సగం గడ్డం నురగతో ఒకడు
ఎనభై మూడు గెలుపులంటాడు.
వీడి తండ్రికి అప్పటికింకా మీసమైనా రాలేదు.
ఇంకొకడు అడ్డం పడతాడు,
ఇప్పటి కుర్రాళ్ళ ముందు ఆరు రౌండ్లు ఆగేవాడు కాదని.
నన్నెవరూ అడగరు.
నాకు గుద్దులాట తెలియదు.
న్యూ బెడ్‌ఫర్డ్ రేవులో చేపలు తూచేవాణ్ణి.

కమిషన్ వాళ్ళకి
చవగ్గా ఒక నమ్మకమైన చెయ్యి కావలసివచ్చింది.
అలా పదకొండుసార్లు అతన్ని తూచాను.
త్రాసు కడ్డీ గాలిలో ఊగి ఊగి
నిలిచేదాకా ఊపిరి బిగబట్టేవాడు.
ఊపిరికీ బరువుంటుందని అతని నమ్మకం.

పోటీకి ముందు రాత్రి
దొంగలా గోదాముకి వచ్చేవాడు.
రబ్బరు కోటు కింద చెమట,
దవడలో నిమ్మతొక్క,
చేతిలో ఉమ్మి డబ్బా.
పావు పౌను ఎక్కువంటే గోళ్ళు తీసుకునేవాడు.
మెడలో తగరపు సిలువ విప్పి
నా అరచేతిలో పెట్టేవాడు.
అతను చూడకుండా దాన్నొకసారి తూచాను,
కడ్డీ కదల్లేదు.
ఆ మాట అతనికి చెప్పలేదు.
వెళ్ళాక త్రాసు మీద తడి పాదాలు,
పాదాల్లో కాడ్ చేప పొలుసులు.

తల్లి క్రాన్‌బెర్రీ మడుల్లో మోకాళ్ళ మీద పాకేది.
ఆమెను పెట్టెల లెక్కన కొలిచారు,
కొడుకును పౌన్ల లెక్కన.

ఆ ఎడమచెయ్యి చూడాలి మీరు.
మర్యాదగా తలుపు తట్టినట్టుండేది.
ఎవరా అని ఇవతలివాడు తొంగి చూసేలోగా
కుడిచెయ్యి ఇంట్లోకొచ్చి
కుర్చీలు తిరగేసేది.
హార్ట్‌ఫర్డ్‌లో విరిగిన బొటనవేలితో పదిహేను రౌండ్లు.
మర్నాడు అతని చొక్కా గుండీలు
నేనే పెట్టాను.

ఇది ఒక పళ్ళెం.

రెండోదాంట్లో ఎజికీల్ టారెంట్.
బాల్టిమోర్ నల్లవాడు, బొగ్గుపడవల కూలీ.
మూడేళ్ళు అర్మిందో తలుపు తట్టాడు.
తలుపు తియ్యలేదు.
ఆ మేనేజరు పోస్టర్ల మీద
'పోర్చుగీసు పులి' అని అచ్చేయించాడు.
తాత కేప్ వెర్డీలో ఎవరి పొలం దున్నాడో
అర్మిందో ఎవరికీ చెప్పలేదు.
టారెంట్ పక్కన నిలబడితే
ఫోటోలో ఇద్దరి రంగూ పడుతుంది.
భయం గుద్దులది కాదు.
కాదనే అనుకుంటాను.

కిరీటం పోయిన మూడేళ్ళకి,
ముప్పై ఏడో ఏట, తనే కబురు పెట్టాడు.
ఫాల్ రివర్‌లో స్కేటింగ్ హాలు,
నాలుగొందలమంది జనం, కారుతున్న కప్పు.
బరువుకి హద్దులేని పోటీ,
అయినా అలవాటుకొద్దీ సిలువ విప్పి
నా చేతిలో పెట్టాడు.
టారెంట్‌కి అప్పటికే కుడికన్ను మసక.
రెండో రౌండులో అర్మిందో కనిపెట్టేశాడు,
ఆ తలవాల్పు నాకే తెలిసింది.
పది రౌండ్లూ
ఆ వైపుకి ఒక్క గుద్దూ వెళ్ళలేదు.
ఓడిపోయాడు.

తూకం గదిలో టారెంట్ గ్లవ్స్ నేలకేసి కొట్టాడు.
"కుడివైపు ఎందుకు రాలేదు? దానమా?
నాకు దానం వద్దు.
ఆ మూడేళ్ళు ఇవ్వు."
అర్మిందో బూట్ల తాళ్ళు విప్పుతూ ఉండిపోయాడు.
ముడి ఎప్పుడో ఊడింది,
ఇంకా విప్పుతూనే ఉన్నాడు.

ఆ రాత్రి సిలువ అడగలేదు.
నేనూ ఇవ్వలేదు.
కొక్కేనికి వేలాడుతూ ఉంటుంది,
గాలొస్తే కాస్త తిరుగుతుంది.

"ముసలాయనా, నువ్వు తూచావుగా,
చెప్పు మరి, ఎంత?"
మొదటిసారి అడిగాడు మంగలి,
కత్తి తుడుస్తూ.

చేపైతే చచ్చాక గాని కడ్డీ నిలవదు.
ఈ మనిషి పోయి తొమ్మిదేళ్ళు,
నాకింకా ఊగుతూనే ఉంది.

"నూట ముప్పై ఐదు," అన్నాను.
అందరూ నవ్వారు.